గేటు మీద పెన్చో మొహం

గాబ్రొవో
4 సెప్టెంబరు 2006

సెవ్దా,

నువ్వు పంపిన పెట్టె చేరింది. పోస్టాఫీసు నుంచి కొండ మీదికి మోసుకొచ్చేసరికి నడుం పడిపోయింది. మరదలు సముద్రం ఒడ్డున ఉంటుంది కదా, వదిన మీద ప్రేమ పుట్టి నాలుగు ఎండుచేపలు పంపిందేమో అనుకున్నాను. విప్పితే ఏముంది? తెల్ల కర్టెన్లు, వెనిల్లా వాసన కొవ్వొత్తులు, గిన్నెడు నిమ్మకాయలు, పైన నీ హుకుంనామా. ఆ నిమ్మకాయలు ప్లాస్టిక్‌వి! బల్ల మీద పెడితే ఇంటికి కళ వస్తుందట. ముప్పై ఏళ్ళు నిజమైన తిండి పెట్టిన బల్ల అది, దాని ఖర్మ కాకపోతే.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోనైతే మధ్యలో టక్కున పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక చస్తావా?

ఇల్లు అమ్ముదామన్నది నేనే, కాదనను. మీ అన్న పోయి పది నెలలు కావస్తోంది. ఇంకో చలికాలం ఆ కట్టెల పొయ్యి ముందు ఒక్కదాన్నే కూర్చోవడం నా వల్ల కాదు. జనవరి నుంచి తర్నొవోలో హాస్టలు వంటగదిలో పని దొరికింది. ఇల్లు సగం నీది, సగం నాది. మంచు పడకముందే అమ్ముడుపోతే ఇద్దరికీ మంచిదే. అంతవరకే ఒప్పుకుంటాను.

మిగతాదంతా ఏమిటే? గోడకున్న మీ అన్న డ్రైవరు టోపీ తీసేయాలా? క్యాబేజీ ఊరేసిన పీపా ఎవరికీ కనపడకూడదా? పెరట్లో మిరపకాయలు కాల్చకూడదా, పొగ కంపు కొడుతుందా? సెప్టెంబరు నెలలోనా! వీధిలో ప్రతి పెరట్లోనూ పచ్చడికి మిరపకాయలు కాలుతుంటే మన ఇల్లొక్కటే వెనిల్లా వాసన వేస్తే జనం ఏమనుకుంటారు? లోపల ఏదో కుళ్ళింది, కప్పిపుచ్చుతున్నారు అనుకుంటారు. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా!

సరే, కర్టెన్లు కడతాను. టోపీ బీరువాలో పెడతాను. కానీ గేటు మీదున్న సంతాప కాగితం తీసేయమన్నావు చూడు, అది మాత్రం జరగదు. పోయిన నలభయ్యో రోజున చేసే కర్మకి నేను దగ్గరుండి అచ్చు వేయించి నా చేత్తో అంటించిన కాగితం అది. నవంబరు పద్నాలుగుకి ఏడాది నిండుతుంది, అప్పుడు కొత్తది అంటిస్తాను. అప్పటిదాకా ఎండకి వెలిసినా వానకి నానినా పెన్చో మొహం ఆ గేటు మీదే ఉంటుంది. ఏడాది నిండని మొగుణ్ణి గేటు మీంచి పీకి పారేసే ఆడది ఈ వీధిలో ఇంతవరకు పుట్టలేదు.

నడుం నొప్పితో,
డోంకా


వార్నా
12 సెప్టెంబరు

వదినా,

చచ్చినట్టు చివరిదాకా చదివాను.

ఇన్నేళ్ళు కర్టెన్ల కొట్లో పనిచేస్తున్నాను, ఎవరింట్లో ఏం చూసి జనం ముక్కు మూసుకుంటారో నీకంటే నాకు బాగా తెలుసు. మా కొట్టుకి వచ్చే ఇళ్ళ బ్రోకరు క్రూమ్ అని ఒకతను ఉన్నాడు. అతనేమంటాడంటే, కొనేవాడు గుమ్మంలో నిలబడగానే తన సోఫా ఎక్కడ వేసుకోవాలా అని ఊహించుకోవాలట. నీ గుమ్మంలో నిలబడినవాడు సీసాల మధ్య కాలు ఎక్కడ పెట్టాలా అని ఊహించుకుంటాడు. తలుపు తొందరగా మూసుకుని ఇంట్లో వేడి పోకుండా ఉంటుందని గాబ్రొవో వాళ్ళం పిల్లి తోక కత్తిరిస్తామని ఎగతాళి చేసేది నువ్వేగా? మరి దోబ్రుజా నుంచి కోడలిగా వచ్చిన మహాతల్లివి, ఈ ముప్పై ఏళ్ళలో ఒక్క ఖాళీ సీసా పారేశావా? పిసినారితనం మాదా, నీదా?

టోపీ తీస్తానన్నావు, సంతోషం. ఇక ఆ కాగితం. చచ్చిపోయినవాడి మొహం చూసుకుంటూ గేటు దాటి లోపలికి ఎవడొస్తాడు? తీసేయ్. ఏడాది, సంప్రదాయం అని నాకు పాఠాలు చెప్పకు, నేనూ అక్కడే పుట్టాను. అసలు ఆ కాగితం మీద ఏముందో నువ్వెప్పుడైనా చదివావా? చూడటం కాదు, చదవడం.

ఇట్లు,
మీ బంధువు
సెవ్దా


గాబ్రొవో
21 సెప్టెంబరు

సెవ్దా,

“మీ బంధువు” ఏమిటే, కోర్టు నోటీసు పంపుతున్నావా? వార్నాలో సంతకాలు ఇలాగే పెడుతున్నారా ఇప్పుడు?

నీ కర్టెన్లు కట్టాను. నిన్న సోఫియా నుంచి మొగుడూ పెళ్ళాం ఇల్లు చూడటానికి వచ్చారు. ఆవిడ మడమల కింద మేకుల్లాంటి చెప్పులు. ఇంటి చెప్పులు ఇస్తే, ఇంతకు ముందు ఎవరు తొడిగారో అన్నట్టు చూసి వద్దంది. ఆ మేకులతోనే మీ అన్న నున్నగా చిత్రిక పట్టిన చెక్క నేల మీద టకటకా తిరిగింది. ముక్కు ఎగబీల్చి, “ఇదేం వాసనండీ?” అంది. “మా మరదలు పంపిన వెనిల్లా” అన్నాను. “కాదు, దాని కింద” అంది. దాని కింద క్యాబేజీ, నాకేం సిగ్గు?

ఆయన పాపం మంచివాడు. టీ ఇస్తే గిన్నెలోంచి నిమ్మకాయ తీసుకుని చాకు పెట్టాడు. చాకు జారింది. మళ్ళీ పెట్టాడు. నేను చూస్తూ ఊరుకున్నాను, చెప్తే నీ పరువు పోతుందని. వెళ్ళేటప్పుడు ఆవిడ గేటు వైపు చూసి, “ఆయన ఈ ఇంట్లోనే పోయారా?” అని అడిగింది. “మరెక్కడ పోతారమ్మా, సంతలోనా?” అన్నాను. మళ్ళీ ఫోన్ లేదు. ఇది నిమ్మకాయ చేసిన పని, మీ అన్న చేసింది కాదు.

కాగితం చదివావా అని అడిగావు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. చదవడానికి అందులో పురాణం ఏముంది? నీ బాధేమిటో నాకు తెలుసులే. ఫోటోలో టై వంకరగా ఉంది. ఆ టై నేనే కట్టాను, నాకు అంతే వచ్చు. మొహం పెద్దగా రావాలని స్పాస్‌తో పోట్లాడి మరీ వేయించాను. స్పాస్ తెలుసుగా, ఊళ్ళో చావులన్నీ అచ్చు వేసేది వాడే. రోడ్డు అవతల నుంచి కూడా పెన్చో కనిపించాలన్నాను. కనిపిస్తున్నాడు.

నాదొక్కటే ప్రశ్న. నలభయ్యో రోజున గేటు దాకా వచ్చావు. వచ్చి, తలనొప్పి అని బస్సెక్కి వెళ్ళిపోయావు. లోపల నీ కోసం పళ్ళెం పెట్టి కూర్చున్నాను. అప్పట్నుంచి ఈ గడప తొక్కలేదు. అన్న మొహం చూడటానికి రాలేవు గానీ, అన్న ఇల్లు అమ్మడానికి మాత్రం కర్టెన్లు పంపగలవు. ఏం రకం చెల్లెలివే నువ్వు?

డోంకా


వార్నా
29 సెప్టెంబరు

డోంకా గారికి,

ఆ రోజు నాకు వచ్చింది తలనొప్పే. మీకు వేరే పేరు తోస్తే అదే పెట్టుకోండి.

వచ్చే వారం క్రూమ్ వస్తాడు. తాళంచెవి పక్కింటి టోటా దగ్గర ఉంచండి. మీరు మిల్లు క్యాంటీన్ పనిలో ఉండగా ఇల్లంతా అతనే సర్ది, ఫోటోలు తీసి, అమ్మకం నోటీసులు వేయిస్తాడు. గేటు సంగతి కూడా అతనే చూసుకుంటాడు. నోటీసు మీద పేరు మీదే ఉంటుంది, ఇంట్లో ఉన్నది మీరే కాబట్టి. మీరు చేయాల్సిందల్లా అడ్డం పడకుండా ఉండటం.

నేను రాను.

బంధువు
సెవ్దా


గాబ్రొవో
10 అక్టోబరు

మరదలు పిల్లా, ఒక శుభవార్త. నేను చచ్చిపోయాను.

ఎలా చచ్చానో చెప్తాను, కూర్చుని చదువు.

నీ క్రూమ్ శుక్రవారం వచ్చాడు. ఊళ్ళో అచ్చు వేసేది స్పాస్ ఒక్కడే కదా, ముందు అక్కడికెళ్ళి, “ఫోటో పెట్టి ఒక అమ్మకం నోటీసు వేయండి, సాయంత్రానికి కావాలి” అన్నాడట. స్పాస్ దగ్గర ఉన్న అచ్చు ఒకటే. చుట్టూ మందంగా నల్ల అంచు, పైన మొహం, మొహం కింద పేరు పెద్దక్షరాల్లో. ఇరవై ఏళ్ళుగా వాడి చేతికి అలవాటైన పని అదే. నీ దగ్గర్నుంచి క్రూమ్ తెచ్చిన పాత ఫోటోలో ఇల్లుంది, గుమ్మంలో చీపురు పట్టుకుని నేనున్నాను. ఆ అచ్చులో ఇల్లు పట్టదు. ఇల్లు కత్తిరించేసి నా మొహం పెట్టాడు. నల్ల అంచులో నేను, కింద నా పేరు, ఆ కింద చీమ తలకాయంత అక్షరాల్లో “ఇల్లు అమ్మబడును”. గేటు మీద ఒకటి, కరెంటు స్తంభానికి ఒకటి, రొట్టెల కొట్టు దగ్గర ఒకటి అంటించి, నీ క్రూమ్ చేతులు దులుపుకుని పోయాడు.

నేను ఎప్పటిలాగే పెరటి దోవన ఇంట్లోకి వచ్చాను, ఇవేం చూడలేదు. శనివారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే టోటా. నెత్తిన నల్ల గుడ్డ, ఒక చేతిలో చనిపోయినవాళ్ళ పేరు మీద పంచే తీపి గోధుమలు, ఇంకో చేతిలో నాలుగు చామంతులు. నాలుగు! బతికున్నదానికి ఎవరైనా సరి సంఖ్యలో పూలు తెస్తారా? నన్ను చూసి పళ్ళెం కింద పడేసింది.

“అమ్మో! డోంకా! నువ్వు పోయావు కదే!”

“ఎవరు చెప్పారే నీకు?”

“నీ గేటే చెప్పింది!”

అప్పటికే గేటు బయట పదిమంది పోగయ్యారు. లోపలికి రావడానికి మొహమాటం, వెళ్ళిపోవడానికి మనసొప్పదు. మాంసం కొట్టువాడి పెళ్ళాం కళ్ళొత్తుకుంటూ, “నోరు మంచిది కాదు గానీ, బనిత్సా మాత్రం ఆవిడే చేయాలి” అంటోంది. నా చెవులతో విన్నాను. నోరు మంచిది కాదట! చచ్చినదాన్ని పట్టుకుని అనే మాటేనా అది? ఆ కోపానికి లోపలికెళ్ళి పిండి కలిపి, పొరల మధ్య జున్ను పెట్టి బనిత్సా చేశాను. అందరినీ కూర్చోబెట్టి పెట్టాను. నా పేరు మీద వచ్చిన గోధుమలు నేనూ తిన్నాను. టోటా పంచదార తక్కువ వేసింది, నా మీద అంత ప్రేమ.

ఇంకో వింత చెప్పనా? ఊరికి కొత్తగా పశువుల డాక్టరమ్మ వచ్చింది, కాలీనా అని. వీధిలో చావంటే పలకరించాలి కదా అని తనూ వచ్చింది. కూర్చోకుండా కప్పులన్నీ కడిగింది. కడుగుతూ కిటికీలోంచి ద్రాక్ష పందిరి చూసి, “ఈ ఇల్లు ఎవరిదండీ?” అని అడిగింది. “పోయినదానిదే తల్లీ, నాదే” అన్నాను. నవ్వింది. మర్నాడు మళ్ళీ వచ్చి నేలమాళిగ, పైకప్పు, పీపా అన్నీ చూసుకుని వెళ్ళింది. నీ వెనిల్లాకి ఒక్కడు నిలవలేదు గానీ, నా చావుకి ఇల్లు నిండింది.

ఇంతవరకు నవ్వుతూ రాశాను. ఇప్పుడు ఇది విను. వాళ్ళందరూ వెళ్ళాక గేటు దగ్గరికి వెళ్ళాను. పెన్చో లేడు. చెత్తబుట్టలో దొరికాడు, ముక్కలుగా. ఒక కన్ను, టై, చెవి దగ్గర కొంచెం. ఎక్కడెక్కడివో ఏరి బల్ల మీద పేర్చి చూశాను, అతకలేదు. నా చావు నోటీసుకి చోటు కావాలని నా మొగుణ్ణి చింపించావు. నీ అన్న రెండుసార్లు పోయాడు, రెండోసారి నీ వల్ల. ఇది నీకు క్షమించను సెవ్దా. చచ్చినా క్షమించను, ఇప్పటికే ఒకసారి చచ్చాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

కీర్తిశేషురాలు
డోంకా


వార్నా
16 అక్టోబరు

డోంకా గారికి,

క్రూమ్‌తో ఇక మనకి పని లేదు, చెప్పేశాను. కాగితం జాగ్రత్తగా ఊడదీసి మీ చేతికి ఇవ్వమన్నాను. చింపమని అనలేదు. నమ్మితే నమ్మండి.

మీరు పోయారన్న సంగతి మీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు. తెలిసినా కొట్లో సెలవు దొరికేది కాదు.

డాక్టరమ్మకి ఇస్తారో, ఇంకెవరికి ఇస్తారో మీ ఇష్టం. సంతకం పెట్టాల్సిన కాగితాలు పోస్టులో పంపండి.

సెవ్దా


గాబ్రొవో
25 అక్టోబరు

సెవ్దా,

నీకు అబద్ధం ఆడటం చేతకాదు. మీ అన్నకీ చేతకాదు, మీ వంశంలోనే లేదు. సెలవు దొరికేది కాదట!

పెన్చో కాగితం మళ్ళీ వేయించాలని, రెండు తిట్లు కూడా తిట్టి రావాలని స్పాస్ దగ్గరికి వెళ్ళాను. వాడు నా తిట్లన్నీ విన్నాడు. విని, “ఈసారైనా చెల్లెలి పేరు వేయించు డోంకా” అన్నాడు.

“ఏం, పోయినసారి లేదా?”

“'భార్య, బంధువులు' అని వేయించావు. అంతే ఉంది.”

“సెవ్దా పేరు లేదా?”

“ఆ పిల్ల వచ్చి తనే వేరేగా వేయించుకుంది కదా, వసంతంలో. బస్టాండు గోడ మీద ఉంది. నువ్వు చూడలేదా?”

నేనెక్కడ చూస్తాను? మీ అన్న పోయినప్పట్నుంచి ఆ బస్టాండు వైపు కాలు పెట్టలేదు. ఆయన బస్సు వేరేవాడు నడుపుతుంటే చూడలేక, మిల్లులో పనికి చుట్టూ తిరిగి నడిచిపోతున్నాను.

స్పాస్ ఇంకోటి కూడా చెప్పాడు. నేను చచ్చిన రోజున టోటా నీకు ఫోన్ చేసిందట. నువ్వు దొరికిన బస్సెక్కి పడుతూ లేస్తూ వచ్చి, “ఎప్పుడు తీసుకెళ్తారు?” అని వాడి కొట్టు ముందు ఏడ్చావట. “ఇంట్లో కూర్చుని అందరికీ బనిత్సా పెడుతోంది” అంటే వాడి కుర్చీలో కూలబడి నవ్వావట, ఆ తర్వాత మళ్ళీ ఏడ్చావట. తిరుగు బస్సుకి వెళ్ళిపోయావట. నెలనెలా వస్తావట నువ్వు, బస్టాండు నుంచి శ్మశానానికి, శ్మశానం నుంచి బస్టాండుకి. ఊళ్ళో అందరూ ఎరుగుదురు.

వెళ్ళాను బస్టాండుకి. ఆ గోడ ముందు నిలబడ్డాను. మొహం ఇంత చిన్నది, ఎప్పటి ఫోటోనో, కుర్రవాడు. కింద “తోడబుట్టిన అన్న కోసం, చెల్లెలు సెవ్దా”. నీ పేరొక్కటే. అక్షరాలు సగం వెలిసిపోయాయి. గోడ మొదట్లో నాలుగు పూలు ఎండిపోయి పడున్నాయి. అవి మీ అన్నవి కావు, నావి. నా కోసం తెచ్చి, నేను బతికే ఉన్నానని తెలిశాక నువ్వు అక్కడ వదిలేసి పోయినవి.

ఒకే మనిషికి రెండు కాగితాలు వేరువేరుగా అంటించారంటే ఆ ఇల్లు రెండుగా చీలిందని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. వసంతం నుంచీ చదువుకున్నారు జనం. నాకొక్కదానికే తెలీదు. చదివావా, చదివావా అని నువ్వు మొత్తుకుంటే నేను టై గురించి రాశాను. సిగ్గుతో చచ్చాను సెవ్దా. ఇది నిజం చావు.

కావాలని చేసింది కాదే. మొహం పెద్దగా రావాలంటే కింద ఒక్క వరుసే పడుతుందన్నాడు స్పాస్. సరే, 'భార్య, బంధువులు' అని వెయ్యి అన్నాను. నాకు ఆయన మొహం తప్ప ఇంకేం కనపడలేదు ఆ రోజుల్లో. ఆ మాటలోకి నిన్ను తోసేశానన్న ధ్యాసే లేదు.

కానీ నువ్వు? నువ్వు తక్కువ తిన్నావా? గేటు దగ్గర నిలబడి “ఒసే వదినా, నా పేరేదే?” అని ఒక్క కేక పెడితే నీ సొమ్మేం పోయేది? నా జుట్టు పట్టుకున్నా అందం ఉండేది. అది మానేసి మొగుడూ పెళ్ళాల అలకలా మూతి ముడుచుకుని, ఏడాది చివర కర్టెన్లు పంపావు! ప్లాస్టిక్ నిమ్మకాయలు పంపావు! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఇల్లు డాక్టరమ్మే తీసుకుంటోంది. తెల్ల కర్టెన్లు వద్దంది, నీకు తిప్పి పంపుతాను. పీపా ఉంచమంది. గేటు మీద కొత్త కాగితం అంటిస్తాను, ఫరవాలేదా అని అడిగితే, “దానంతటది రాలేదాకా ఉండనీయండి, నేను తీయను” అంది. నిమ్మకాయలు మాత్రం ఆవిడ కుక్కకి నచ్చాయి. ఒకటి నోట కరుచుకుని తిరుగుతోంది.

కొత్త కాగితం వచ్చింది. మొహం కొంచెం చిన్నదైంది, రోడ్డు అవతల నుంచి కనపడదు. కనపడకపోతే దగ్గరికొచ్చి చూస్తారు. కింద రెండే పేర్లు: చెల్లెలు సెవ్దా, భార్య డోంకా. ఎవరి పేరు ముందు వెయ్యాలని స్పాస్ అడిగాడు. ఎవరికి ముందు దొరికాడో వాళ్ళ పేరే ముందు వెయ్యమన్నాను. బంధువులన్న మాట ఎక్కడా లేదు.

పద్నాలుగున జిగురు కలిపి పెడతాను. ఒక్కదాన్నే అంటించను. గాలికి మడతపడుతుంది. నువ్వొచ్చి ఒక అంచు పట్టుకో.

నోరు మంచిది కాని నీ వదిన,
డోంకా


వార్నా
2 నవంబరు

వదినా,

నీ ఉత్తరం కొట్లో చదివాను. తెల్ల కర్టెన్ల బేరానికి వచ్చిన ఒకావిడ నన్ను చూసి భయపడి బేరం చేయకుండానే వెళ్ళిపోయింది. ఆ నష్టం నీ ఖాతాలోనే.

మొగుడూ పెళ్ళాల అలక అన్నావు. నీ మీద అలిగినంత నేను ఎవరి మీదా అలగలేదు. అన్నయ్య లేని ఆ గేటు ముందు నిలబడి, నేను ఎవరినని లోపలికి రావాలి అనిపించింది, అంతే. కేక పెట్టాల్సిందే. బస్సెక్కేశాను.

పద్నాలుగున మధ్యాహ్నం బస్సుకి దిగుతాను. బస్టాండు గోడ మీది కాగితాన్ని ఏమీ చేయకు, మంచుకి అదే పోతుంది. బస్టాండు నుంచి ఒక్కదాన్నే నడిచి రానా, నువ్వు ఎదురొస్తావా? అన్నయ్య బస్సుకి ఎదురొచ్చినట్టు రా, అప్పుడు నువ్వు నిలబడే ఆ బస్టాండు స్తంభం దగ్గరే నిలబడు.

డ్రైవరు టోపీ బీరువాలోంచి తీసి మళ్ళీ గోడకి తగిలించు. డాక్టరమ్మ వచ్చేదాకా అది మన ఇల్లే. ఈ ఏడు మిరపకాయ పచ్చడి సీసా ఒకటి నా కోసం దాచు. నిమ్మకాయల్లా దాన్ని కూడా కుక్కకి పెట్టేయకు.

పూలు తెస్తున్నాను. ఆరు అన్నయ్యకి. మూడు నీకు. బస్టాండులో నా నాలుగు ఎండు పూలు ఏరి ఇంటికి తెచ్చుకునే ఉంటావు, నాకు తెలుసు. పారేయ్. పారేయడం నీకు చేతకాదనీ తెలుసు, అయినా పారేయ్.

నీ ఆడపడుచు,
సెవ్దా